రబ్బరు పొడి: బస్తా విప్పేముందు

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలు మామూలుగా తలోదారిలో ఉంటాయి. ఈసారి మాత్రం దాదాపు అన్నీ ఒకే పొడి చుట్టూ తిరిగాయి. రబ్బరు కాంపౌండింగ్‌లో, అంటే రబ్బరుకి రసాయనాలు కలిపే పనిలో వాడే యాక్సిలరేటర్, అందులోనూ ముఖ్యంగా టీఎంటీడీ (టెట్రామిథైల్ థయురమ్ డైసల్ఫైడ్). మిక్సింగ్ షాపులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఆ తెల్లపొడి కనుబొమ్మల మీద పేరుకున్న రోజులు నాకూ ఉన్నాయి. తెలిసింది తెలిసినట్టు చెబుతాను. పొడుగాటి ఉత్తరాలని కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: రబ్బరు మిక్సింగ్‌లో హెల్పర్‌గా చేరి ఆరు నెలలైంది. రోజూ తెల్లపొడి తూచి బ్యాచ్‌లకి అందిస్తాను. వేళ్ల సందుల్లో దురద, చిన్న చిన్న నీటిపొక్కులు, మణికట్టు దాకా ఎర్రబడుతోంది. సూపర్‌వైజర్ రబ్బరు గ్లవ్స్ ఇచ్చారు. అవి తొడుక్కున్నప్పట్నుంచి తగ్గకపోగా ఎక్కువైంది. గ్లవ్స్ వేసుకున్నా ఎందుకిలా?

జవాబు: ఆ గ్లవ్స్ వేసుకున్నందుకే అనిపిస్తోంది తమ్ముడూ. కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

పచ్చి రబ్బరు వేడికి జిగురులా సాగుతుంది, చలికి పెళుసెక్కుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఆ రెండు జబ్బులూ పోతాయని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. కానీ గంధకం ఒక్కదాన్నే నమ్ముకుంటే క్యూరింగ్‌కి, అంటే రబ్బరు అలా గట్టిపడటానికి గంటలు పడుతుంది, యాక్సిలరేటర్ చేరితే నిమిషాల్లో అయిపోతుంది. 100 కిలోల రబ్బరుకి టీఎంటీడీ పడేది సాధారణంగా 3 కిలోల లోపే, చాలా రెసిపీల్లో కిలో కూడా ఉండదు. అంత తక్కువ కాబట్టే దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు, రబ్బరులో కలిపే మసి, కార్బన్ బ్లాక్‌లా నల్లగా ఒంటికి పూసుకోదు కాబట్టి అసలు అంటుకుందనే తెలియదు. ఇప్పుడు మీ గ్లవ్స్ సంగతి. అవీ రబ్బరే, వాటినీ ఇలాంటి యాక్సిలరేటర్లతోనే క్యూర్ చేస్తారు. అందులో కొంత మిగిలి ఉంటుంది, లోపల చెయ్యి చెమట పట్టగానే చర్మానికి దిగుతుంది. థయురమ్ (టీఎంటీడీ జాతి రసాయనాల) ఎలర్జీ అని చర్మం డాక్టర్లు చెప్పేదానికి పెద్ద కారణాల్లో రబ్బరు గ్లవ్స్ ఒకటి. పొడితో వచ్చిన ఎలర్జీకి అదే పొడి కలిసిన గ్లవ్స్ తొడిగితే తగ్గమంటే ఎలా తగ్గుతుంది?

ఈ ఎలర్జీ ముట్టుకున్న క్షణాన రాదు, ఒకటి రెండు రోజులకి తేలుతుంది. సోమవారం పొడి పడితే బుధవారం దురద. అందుకే మనిషి దేనివల్ల వచ్చిందో పోల్చుకోలేక సబ్బు మారుస్తాడు, నూనె మారుస్తాడు. మీరు చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లి ప్యాచ్ టెస్ట్ అడగండి. వీపుమీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత విప్పి చూస్తారు, ఆ తర్వాత ఇంకోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు బస్తా మీది పేరు, సేఫ్టీ డేటా షీట్ (ఆ రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే కాగితం) ఫొటో తీసి పట్టుకెళ్లండి. 'ఫ్యాక్టరీలో ఏదో పౌడర్ సార్' అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? గ్లవ్స్ అయితే వినైల్‌వి, లేదా యాక్సిలరేటర్ లేని నైట్రైల్ అని పెట్టెమీద స్పష్టంగా రాసి ఉన్నవి అడగండి. మామూలు నైట్రైల్‌లోనూ యాక్సిలరేటర్లు ఉండొచ్చు, అది చాలామందికి తెలీదు. చేతులు సబ్బునీళ్లతోనే కడగండి. పెట్రోలుతో, థిన్నర్‌తో కడిగే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్యండి, చర్మం మీద ఉన్న కాస్త జిడ్డు రక్షణ కూడా దానితో కొట్టుకుపోతుంది.

ఇంకోమాట, ఇది నచ్చదు కానీ చెప్పాలి. ఒకసారి ఒంటికి ఈ ఎలర్జీ పట్టిందంటే మామూలుగా జీవితాంతం ఉండిపోతుంది. తర్వాత చెప్పుల పట్టీ, నడుము ఎలాస్టిక్ కూడా గుర్తుచేస్తాయి. వ్యవసాయం పనులకీ వెళ్తుంటే విత్తనశుద్ధి మందుల దగ్గర జాగ్రత్త, థైరమ్ అనే శిలీంద్రనాశిని అచ్చంగా ఈ టీఎంటీడీయే. ప్యాచ్ టెస్ట్‌లో తేలితే గ్లవ్స్ మార్చడంతో ఆగకుండా తూకం పని నుంచి మార్చమని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: ఇది అచ్చువేస్తారో లేదో. డ్యూటీ దిగాక ఒక పెగ్గు వేసుకుంటే మొహం కుంకుమలా ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టుంటోంది. ఇంతకుముందు ఎప్పుడూ లేదు. యాక్సిలరేటర్ సెక్షన్‌కి మారాకే మొదలైంది. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

జవాబు: ఎందుకు వెయ్యం? ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా ముఖ్యమైన ఉత్తరం ఇదే.

1937లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ డాక్టరు ఇదే గమనించాడు. థయురమ్ జాతి రసాయనాల దగ్గర పనిచేసే కార్మికులు మందు తాగలేకపోతున్నారు. పదేళ్ల తర్వాత డెన్మార్క్‌లో హాల్డ్, జేకబ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి దగ్గరి చుట్టమైన డైసల్ఫిరామ్‌తో పనిచేస్తూ అదే సంగతి పట్టుకున్నారు, 1948లో దాన్ని తాగుడు మాన్పించే మందుగా బయటపెట్టారు. యాంటాబ్యూస్ పేరు వినే ఉంటారు. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్ ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పనిని ఈ రసాయనాలు ఆపేస్తాయి. ఆ ఎసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుంటే మీరు రాసినవన్నీ వస్తాయి.

అంటే ఆ పెగ్గు మీకు ఒక సంగతి చెప్పింది. పొడి బస్తాలో, బ్యాచ్‌లో ఆగడం లేదు, ముక్కుగుండానో నోటిగుండానో చర్మంగుండానో మీ రక్తందాకా వెళ్తోంది. మీకు జరుగుతున్నది ఇదే అయితే పక్కన పనిచేసే తాగనివాళ్లకీ అంతే వెళ్తూ ఉండొచ్చు, వాళ్లకి తెలిసే దారి లేదు అంతే. ఈ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లు మందు ముట్టుకోవద్దు, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ కూడా వద్దు. డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, గుండెదడకి ఇంకో కారణం లేదని ఆయన చూడాలి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడటం లాంటివి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి. ఇక నవ్వే ఫ్రెండ్స్‌కి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మావారి పని బట్టలు ఉతికేటప్పుడు నాకు తుమ్ములు, కళ్ల మంట. పాపకి రెండేళ్లు, ఆయన రాగానే మీదెక్కేస్తుంది. ఏమైనా ప్రమాదమా?

జవాబు: అమ్మా, ఆ బట్టలు ఇంటికి రాకూడదు, మొదటి మాట అదే. పని దగ్గరే బట్టలు మార్చుకుని, చేతులూ మొహమూ కడుక్కుని, వీలైతే స్నానం చేసి రావాలి. ఉతికే ఏర్పాటు యజమానే చెయ్యాలి. అది కుదిరేదాకా ఒక మూత ఉన్న సంచీలో పెట్టి తెమ్మనండి. విదిలించొద్దు, విదిలించడమంటే పొడిని మీ ముక్కుదాకా తెచ్చి ఇవ్వడమే. సంచీలోంచి నేరుగా నీళ్లలో వెయ్యండి, పాప బట్టలతో కలపొద్దు. ఆయన స్నానం అయ్యేదాకా పాపని ఎత్తుకోకూడదు, కష్టమే, కానీ పదినిమిషాల పని.

బట్టలమీది పొడిని కంప్రెసర్ గాలితో కొట్టుకునే అలవాటు మిక్సింగ్ షాపుల్లో బాగా ఉంటుంది, మావారు అలాగే శుభ్రం చేసుకుని వస్తారని మీరు అనుకుంటుండొచ్చు. నేనూ చేశాను. ఒకసారి కాలర్ దగ్గర పైపు పెట్టి కొట్టుకుంటే పొడి రెండు కళ్లలోకీ ఎగిరింది. కుళాయి కింద రెండు నిమిషాలు కడిగి, తగ్గిందిలే అని మళ్లీ మిల్లు, అంటే రబ్బరు కలిపే రోలర్ల యంత్రం దగ్గరికి వెళ్లిపోయాను. రాత్రికి కనురెప్పలు అంటుకుపోయాయి, మూడురోజులు వెలుతురు చూడలేకపోయాను. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో పట్టి తెరిచి 15 నిమిషాలు ధారగా కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. తర్వాత కళ్ల డాక్టర్‌కి చూపించాలి.

ప్రశ్న: గంధకం పేలుతుందని విన్నాను. యాక్సిలరేటర్లు, పెరాక్సైడ్, గంధకం, స్పాంజ్ రబ్బరుకి వాడే బ్లోయింగ్ ఏజెంట్ అన్నీ మాకు ఒకే గదిలో ఉంటాయి. మిగతావాటితో టెన్షన్ లేదు కదా?

జవాబు: ఉంది. మీ ఉత్తరం చదివాక నాకే టెన్షన్ పట్టుకుంది.

మండే గుణమున్న ఏ సన్నటి పొడైనా గాల్లో మేఘంలా లేచి, గది మూసి ఉండి, ఒక నిప్పురవ్వ దొరికితే పేలగలదు. గంధకం అందులో మరీ సుకుమారం, దాని ధూళి సుమారు 190 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, చిన్న స్టాటిక్ రవ్వ చాలు. అయితే టీఎంటీడీ లాంటి యాక్సిలరేటర్ల ధూళికీ అదే ప్రమాదం ఉంది. 2003 జనవరి 29న అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కిన్‌స్టన్‌లో ఒక రబ్బరు కాంపౌండింగ్ ఫ్యాక్టరీ పేలి ఆరుగురు చనిపోయారు, ఇంకెందరో గాయపడ్డారు. అక్కడ పేలింది గంధకం కూడా కాదు. రబ్బరు పట్టీలు ఒకదానికొకటి అతుక్కోకుండా పాలిథిలిన్ పొడి కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టేవారు. ఆరేటప్పుడు లేచిన సన్నపొడి ఫాల్స్ సీలింగ్ పైకి చేరింది. కింద పనిచేసే చోటు శుభ్రంగానే ఉంచేవారు, పైన ఏళ్ల తరబడి పేరుకున్నది ఎవరికీ కనబడలేదు.

కాబట్టి మీరు ఇవాళే ఒక నిచ్చెన వేసుకుని దూలాల మీద, ట్యూబ్‌లైట్ల మీద, కేబుల్ ట్రేల్లో చెయ్యి పెట్టి చూడండి. కాగితాలకి పెట్టే క్లిప్ తీగ మందం, అంటే 0.8 మిల్లీమీటర్ల పొర పేరుకుందంటే అది హెచ్చరిక. దాన్ని చీపురుతో దులపొద్దు, గాలితో అసలే కొట్టొద్దు, మీరే మేఘాన్ని తయారుచేసినట్టవుతుంది. ధూళి పేలుడుకి తట్టుకునే రకం వ్యాక్యూమ్‌తో పీల్చాలి, ఇంట్లో వాడేది పనికిరాదు. ఇక రబ్బరు సొల్యూషన్ తయారుచేసే డ్రమ్ములోకి, సాల్వెంట్ ఆవిరి పైకి వస్తుండగా, ప్లాస్టిక్ సంచీ నుంచి పొడి గుమ్మరించే మొండి ధైర్యం ఎవరికైనా ఉంటే వెంటనే ఆపండి. సంచీలోంచి పొడి జారుతుంటే స్టాటిక్ పుడుతుంది, రవ్వ కోసం వేరే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

గది విషయం. పెరాక్సైడ్‌ని యాక్సిలరేటర్లతో, ఆమ్లాలతో, జింక్ ఆక్సైడ్ లాంటి లోహ ఆక్సైడ్లతో కలిపి ఉంచకూడదు, దానికి వేరే చల్లని గది కావాలి. టీఎంటీడీ 150 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, ఇంకా వేడెక్కితే విరిగి కార్బన్ డైసల్ఫైడ్ వదులుతుంది, గాఢమైన ఆమ్లం తగిలినా అంతే. ఆ ఆవిరి విషం, పైగా సుమారు 90 డిగ్రీల వేడికే దానంతటది అంటుకోగలదు, అంటే వేడి ఆవిరి పైపు తగిలినా చాలు. బ్లోయింగ్ ఏజెంట్ ఏడీసీ (అజోడైకార్బనమైడ్) అనే రకం అయితే దాని ధూళి ఉబ్బసం తెప్పిస్తుంది, రాత్రిళ్లు పిల్లికూతలు, సెలవుల్లో తగ్గిపోవడం కనిపిస్తే ఇంకేమీ వెతక్కండి, డాక్టర్‌కి ఆ పొడి పేరే చెప్పండి. డీఎన్‌పీటీ అనే ఇంకో రకం అయితే ఆమ్లం సోకితే చాలు భగ్గుమంటుంది. నిప్పు అంటుకుంటే నీళ్లు జల్లుగా కొట్టాలి, గట్టి ధార కొడితే పొడి లేస్తుంది. ఆ పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది, ఊపిరి సిలిండర్ లేనివాళ్లు హీరోల్లా లోపలికి దూకొద్దు.

ప్రశ్న: మూడో నెల. తూకం గదిలో పనిచేస్తాను. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు బ్యాచ్‌లకి ఈటీయూ అనే పొడి తూస్తాను. చెప్తే పని పోతుందేమోనని భయం.

జవాబు: అమ్మా, రేపటి నుంచి ఆ పొడి తూయొద్దు. ఈటీయూ, అంటే ఎథిలీన్ థయోయూరియా, కడుపులో బిడ్డకి హాని చేయగల రసాయనంగా వర్గీకరించి ఉంది, థైరాయిడ్‌నీ దెబ్బతీస్తుంది. మాస్క్ పెట్టుకుని చేసేస్తాలే అనే లెక్క దీనికి పనికిరాదు. మీ డాక్టర్ దగ్గర చీటీ రాయించుకుని వేరే పనికి మార్చమనండి, డేటా షీట్‌లో గర్భం గురించి ఉన్న వాక్యం కింద గీత గీసి దానికి జతచెయ్యండి. నోటితో చెప్పే దానికన్నా ఆ గీతకి బలం ఎక్కువ. ఇంతవరకూ తూచినదాని గురించి కూడా డాక్టర్‌కి చెప్పండి, ఆయనకి తెలిస్తే పరీక్షలు ఆ ప్రకారం చూస్తారు. యజమానులకి కూడా ఒక మాట: ఈటీయూని పొడిగా కొనడం మానండి, రబ్బరులో ముందే కలిపిన మాస్టర్‌బ్యాచ్ ముక్కలు దొరుకుతాయి.

ప్రశ్న: రబ్బరు పనివాళ్లకి క్యాన్సర్ వస్తుందంటారు. నిజమా, ఊరికే భయపెట్టడమా?

జవాబు: గాలికి పుట్టిన మాట కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ రబ్బరు తయారీ పరిశ్రమలో పనినే మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. వెనకటికి రబ్బరు పాడవకుండా కలిపే యాంటీఆక్సిడెంట్లలో బీటా నాఫ్థైలమీన్ ఉండేది, దానివల్ల కార్మికులకి మూత్రాశయ క్యాన్సర్ వచ్చింది, బ్రిటన్‌లో 1949లో దాన్ని ఆపేశారు. ఇప్పటి పొడుల్లో ఎంబీటీ అనే యాక్సిలరేటర్‌ని క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్న 2ఏ వర్గంలో చేర్చారు. టీఎంటీడీ మటుకు 3వ వర్గం, అంటే తేల్చి చెప్పేంత ఆధారం లేదని. అయితే క్యూరింగ్ వేడికి అది విరిగినప్పుడు పుట్టే అమీన్, గాల్లోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నైట్రోసమీన్ అవుతుంది, దాని సంగతి మంచిది కాదు. అందుకే ప్రెస్‌ల దగ్గర, వేడి షీట్లు దిగేచోట పొగ పీల్చే ఎగ్జాస్ట్ ఉండాలి. మూత్రంలో రక్తం కనబడితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: మేం అందరికీ మాస్కులు ఇచ్చాం. పెట్టుకోరు. ఇంకేం చెయ్యాలి? (ఒక చిన్న యూనిట్ యజమాని)

జవాబు: ఎందుకు పెట్టుకోరో మీరు ఒకరోజు ఎనిమిది గంటలు మిల్లు పక్కన పెట్టుకుని చూడండి. మాస్క్ అవసరమే, గుడ్డముక్కా సర్జికల్ మాస్కూ కాదు, ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 ఉండాలి, గడ్డం ఉంటే అంచుల్లోంచి పొడి వెళ్తుంది. కానీ అది ఆఖరి అడ్డు. మొదట చూడాల్సింది పొడి గాల్లోకి ఎక్కడ లేస్తోందన్నది.

ఒక పరీక్ష చెయ్యండి, ఖర్చు లేదు. లైట్లు ఆపి, బస్తా పోసే మనిషికి అవతల పక్క నుంచి గట్టి టార్చి వెలిగించండి, నేరుగా మీ కళ్లలో పడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని ఆ వెలుగు వైపు చూడండి. మామూలు వెలుతురులో గాలి ఖాళీగా కనిపించిన చోటే పొడి కనబడుతుంది: కత్తితో బస్తా మూతి కోసినప్పుడు మొదటి పఫ్, నడుమెత్తు నుంచి స్కూపు బోర్లించినప్పుడు రెండోది, అన్నింటికన్నా పెద్దది ఖాళీ సంచీని చంకకింద మడిచి గాలి తీసేటప్పుడు, అది తిన్నగా మనిషి మొహంలోకే వస్తుంది. ఈ మూడోదాన్ని నేను చూసిన యూనిట్లలో ఎవరూ ఊహించలేదు.

ఎగ్జాస్ట్ హుడ్ నెత్తిమీద పెట్టించకండి, పొడిని కిందనుంచి మొహం మీదుగా లాక్కెళ్తుంది. డబ్బా వెనక, అంచు దగ్గర పీల్చాలి. పోసేటప్పుడు స్కూపు డబ్బా లోపలికి దించి వంచాలి. సీలింగ్ ఫ్యాన్ తూకం గదిలో వద్దు. ఇంకా మంచిది పొడినే మార్చడం: నూనె పట్టించిన పొడి, గ్రాన్యూల్స్, మాస్టర్‌బ్యాచ్ అన్నీ ఉన్నాయి. తూచిన పొడిని తక్కువ వేడికే కరిగే ఈవీఏ అనే ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి, సంచీతో సహా మిక్సర్‌లో వేసేయొచ్చు, అది రబ్బరులో కరిగిపోతుంది. టీఎంటీడీ బదులు టీబీజెడ్‌టీడీ అనే యాక్సిలరేటర్ పెట్టి చూడమని మీ కాంపౌండర్‌ని, అంటే రెసిపీ రాసే మనిషిని అడగండి, దాన్నుంచి వచ్చే నైట్రోసమీన్ అంత ప్రమాదకరంగా భావించరు. డోసు ఎక్కువ పడుతుంది, ఖరీదూ ఎక్కువే, ఆ మాట నిజమే. వీటన్నిటి తర్వాత కూడా మాస్క్ ఇవ్వాల్సిందే, అప్పుడు మాత్రం పెట్టుకుంటారు, ఎందుకంటే రోజంతా కాదు, పోసే అయిదు నిమిషాలే.

ప్రశ్న: బస్తామీద ఏదో కంపెనీ పేరూ ఒక నంబరూ తప్ప ఏమీ లేదు. అందులో ఉన్నదేంటో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: సరఫరాదారుని సేఫ్టీ డేటా షీట్ అడగండి, ఇవ్వకపోతే ఆ సరుకు దించుకోకండి. అందులో 16 భాగాలుంటాయి, మొత్తం చదివే ఓపిక లేకపోతే 2లో ప్రమాదాలు, 4లో ప్రథమచికిత్స, 7లో నిల్వ, 8లో గ్లవ్స్, మాస్క్ వివరాలు చూడండి. 3లో సీఏఎస్ నంబరు, అంటే ఒక్కో రసాయనానికీ ఇచ్చిన గుర్తింపు నంబరు ఉంటుంది, వ్యాపార పేర్లు ఎన్ని మారినా అది మారదు. 137-26-8 అని ఉంటే టీఎంటీడీ, 149-30-4 అయితే ఎంబీటీ.

ప్రశ్న: ఖాళీ సంచులు పనివాళ్లు ఇంటికి పట్టుకెళ్తున్నారు. గట్టిగా ఉంటాయని ధాన్యానికి వాడతారట. పర్వాలేదా?

జవాబు: లేదు. దులిపినా కడిగినా పనికిరావు. సంచీ లోపలి లైనర్‌ని ఒకసారి తిరగేసి నల్లటి గుడ్డతో తుడిచి వాళ్లకే చూపించండి, ఆ గుడ్డ చూశాక ఎవరూ అడగరు. కోసి, మళ్లీ వాడలేకుండా చేసి, రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. పెరట్లో కాల్చకూడదు. కడిగిన నీళ్లు కాలవలో వదలకూడదు, టీఎంటీడీ చేపలకి చాలా విషం.